ఎత్తు సరే, పైఎత్తు ఏది?

(చెస్ శిక్షణ శిబిరంలో పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒక కోచ్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. వెనక నుంచి ఈ డెమో బోర్డు సరిగా కనపడదు. పెద్దవాళ్లు కూడా బోర్డు చూస్తూ వింటేనే బాగుంటుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ అరవై నాలుగు గళ్లలోనే ఉంది.

ఎండ్‌గేమ్‌కి, అంటే ఆట చివరి దశకి చెందిన పజిల్స్ సాల్వ్ చేయడం గురించి మాట్లాడమన్నారు. మామూలు పజిల్స్‌కీ వీటికీ తేడా మీకు తెలిసే ఉంటుంది. బోర్డు నిండా పావులున్న పజిల్‌లో ఒక చెక్ ఇచ్చి, ఒక పావుని బలిచ్చి, మూడో ఎత్తులో ఆట కట్టేస్తాం. అక్కడ కన్ను పని చేస్తుంది. ఎండ్‌గేమ్‌లో నాలుగైదు పావులే ఉంటాయి. దాచడానికి ఏమీ ఉండదు, అయినా పిల్లలు అక్కడే ఎక్కువ తడబడతారు. ఎందుకంటే అక్కడ మంచి ఎత్తు ఒక్కటి కనిపెట్టగానే పని అయిపోదు. దానికి అవతలివాడు వేయగల అతి గట్టి పైఎత్తు కూడా మనమే వెతకాలి. దానికి జవాబు చెప్పాలి. మళ్లీ వాడి తరఫున ఇంకోటి వెతకాలి. ఈ పని నిజాయితీగా చేసినవాడే సాల్వర్ అవుతాడు. నేను చెప్పేదల్లా ఈ ఒక్క మాటే. మిగతాదంతా దానికి ఉదాహరణలు.

మొదటి ఉదాహరణ చాలా పాతది, 1895 నాటిది. బోర్డు మీద పెడుతున్నాను చూడండి. గళ్ల పేర్లు తెలియనివాళ్లకి ఒక మాట: నిలువు వరసలు తెలుపు ఎడమ నుంచి ఏ, బి, సి అంటూ హెచ్ దాకా, అడ్డ వరసలు తెలుపు వైపు నుంచి 1 నుంచి 8 దాకా. తెల్లరాజు బి6లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు మూలన ఏ1లో, నల్ల ఏనుగు డి5లో. అంతే, మొత్తం నాలుగు పావులు. ఇప్పుడు తెలుపు ఆడాలి.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జార్జెస్ బార్బియర్ అనే ఆయన ఒక పత్రికలో చెస్ శీర్షిక నడిపేవాడు. నిజంగా ఆడిన ఒక ఆటను, 1875లో ఫెంటన్, పాటర్ ఆడి డ్రాగా ముగించిన ఆటను, ఆధారంగా తీసుకుని ఈ స్థితిని తన శీర్షికలో వేశాడు. ఇందులో నలుపు డ్రా చేసుకోగలదని చూపించాడు. ఆయన చూపించిన దారి అందంగానే ఉంది. మనమూ ఆ దారిలో నడుద్దాం.

బంటు సి7కి వెళ్తుంది. తర్వాతి ఎత్తులో చివరి గడి సి8 చేరి మంత్రి అవుతుంది. నలుపు ఊరుకోకూడదు కాబట్టి ఏనుగుతో డి6లో చెక్ ఇస్తుంది. ఇప్పుడు తెల్లరాజు ఎటు పోవాలి? చేతులెత్తండి. సి5 అంటున్నారు కొందరు. సరే, అవతలివాడి తరఫున ఆలోచించండి. ఏనుగు డి1కి వెళ్తుంది. మనం బంటుని మంత్రి చేస్తాం. వెంటనే ఏనుగు సి1లో చెక్. రాజు సి5లో, వెనకాల అదే వరసలో మంత్రి సి8లో. రాజు పక్కకి జరగాలి, మంత్రి పోతుంది. బి7 అన్నవాళ్లు కూడా ఉన్నారు. అప్పుడు ఏనుగు డి7కి వచ్చి బంటుని కట్టిపడేస్తుంది. బంటు కదిలితే రాజుకి చెక్ తగులుతుంది కాబట్టి కదలలేదు. తర్వాత ఏనుగునిచ్చి బంటుని తీసేసుకుంటారు. డ్రా.

కాబట్టి రాజు బి5కే రావాలి. ఏనుగు డి5లో చెక్. రాజు బి4. ఏనుగు డి4లో చెక్. రాజు బి3. ఏనుగు డి3లో చెక్. రాజు సి2. రాజు మెట్లు దిగుతూ వచ్చాడు, ఏనుగు వెంటపడుతూ వచ్చింది. ఇక ఏనుగుకి పనికొచ్చే చెక్‌లు లేవు. డి1కి పోనివ్వకుండా రాజు సి2లో కాపలా ఉన్నాడు. తెలుపు గెలిచేసినట్టే అనిపిస్తుంది కదా?

ఇక్కడ బార్బియర్ చూపించిన పైఎత్తు ఉంది. ఏనుగు డి4! ఇప్పుడు బంటుని మంత్రి చేస్తే ఏనుగు సి4లో చెక్ ఇస్తుంది. మంత్రి ఆ ఏనుగుని కొట్టక తప్పదు. కొట్టాక చూడండి, నల్లరాజు ఏ1లో ఉన్నాడు. బి1, బి2 తెల్లరాజు చేతిలో ఉన్నాయి. ఏ2 మీద మంత్రి చూపుంది. చెక్ లేదు, కదలడానికి గడి లేదు, అంటే ఆట డ్రా. స్టేల్‌మేట్. చాలామంది ఇక్కడే ఆగుతారు. ఎంత బాగా తప్పించుకున్నాడో అని మెచ్చుకుని పేజీ తిప్పేస్తారు.

ఒకాయన మాత్రం ఆగలేదు. ఫెర్నాండో సావెద్రా. స్పెయిన్ దేశస్థుడు, గ్లాస్గోలో ఉంటున్న క్రైస్తవ మతగురువు. పెద్ద ఆటగాడేమీ కాదు. ఆయన మళ్లీ ప్రశ్న వేసుకున్నాడు. నలుపు ప్రాణం దేని మీద ఆధారపడి ఉంది? స్టేల్‌మేట్ మీద. స్టేల్‌మేట్ దేనివల్ల వచ్చింది? సి4లో నిలబడ్డ మంత్రి ఏ2 మీదికి కూడా చూడగలగడం వల్ల. మరి బంటుని మంత్రి చేయకపోతే?

బంటుని ఏనుగు చేశాడు. ఇప్పుడు నలుపు సి4లో చెక్ ఇస్తే మన ఏనుగు కొట్టేస్తుంది, నల్లరాజుకి ఏ2 ఖాళీగా ఉంటుంది, స్టేల్‌మేట్ లేదు. పైగా ఏ8లో చెక్ ఇచ్చి ఆట కట్టేస్తానని తెలుపు బెదిరిస్తోంది. నలుపుకి ఒకే దారి, ఏనుగుని ఏ4కి తెచ్చి అడ్డం పెట్టడం. అప్పుడు రాజు బి3కి వస్తాడు. ఏ4లోని ఏనుగు మీద దాడి, సి1లో ఆటకట్టు బెదిరింపు, రెండూ ఒకేసారి. రెండిటికీ ఒక్క జవాబు లేదు. తెలుపు గెలిచింది.

ఆ ఒక్క ఎత్తుతో సావెద్రా పేరు నూట ముప్పై ఏళ్లుగా చెస్ పుస్తకాల్లో నిలిచిపోయింది. ఈ స్థితిని చూపించినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అందరూ 'ఇక అయిపోయింది' అనుకున్న చోట ఆయన ఇంకొక్క అడుగు వేశాడు. అంతకుముందు బార్బియర్ డి4 చూపించకపోతే సావెద్రాకి ఆ అవసరమే వచ్చేది కాదు. గట్టి పైఎత్తు ఉంది కాబట్టే దాన్ని మించిన ఎత్తు పుట్టింది.

ఇప్పుడు బోర్డు మార్చుతున్నాను. దీని పేరు రేటీ స్థితి. రిచర్డ్ రేటీ 1921లో ప్రచురించాడు. ఆయన తన కాలంలో మహా ఆటగాడు, 1924లో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకానే ఓడించాడు. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఏ6లో, నల్లబంటు హెచ్5లో. తెలుపు ఆడి డ్రా చేయాలి.

చూడగానే కుదరదనిపిస్తుంది. నల్లబంటు హెచ్5 నుంచి పరిగెడుతుంది, మన రాజు దానికి రెండడుగులు వెనకబడి ఉన్నాడు. మన బంటునేమో నల్లరాజు రెండు ఎత్తుల్లో పట్టేసుకుంటాడు. ఏది చేయబోయినా ఆలస్యమే.

జవాబు చెప్పే ముందు ఒక చిన్న లెక్క. హెచ్8 నుంచి హెచ్2కి రాజు నేరుగా దిగితే ఎన్ని ఎత్తులు? ఆరు. ఇప్పుడు ఏటవాలుగా జి7, ఎఫ్6, ఈ5 మీదుగా దిగి, అక్కడి నుంచి ఎఫ్4, జి3, హెచ్2కి రండి. ఎన్ని? అవీ ఆరే! చదరంగంలో రాజుకి ఇలాంటి చుట్టుదారి కూడా నేరుదారి అంతే పొడవు. మన కళ్లకి ఇది అలవాటు లేదు. నేల మీద రెండు వైపులు తిరిగి వెళ్తే దూరం పెరుగుతుంది, ఇక్కడ పెరగదు. రేటీ ఆ ఒక్క సంగతి మీద ఇంత అద్భుతం కట్టాడు.

రాజు జి7. నల్లబంటు హెచ్4. రాజు ఎఫ్6. ఇప్పుడు నలుపు కుర్చీలో కూర్చోండి. బంటుని హెచ్3కి తోస్తే? తెల్లరాజు ఈ7కి వచ్చి తన బంటుకి తోడు నిలుస్తాడు, ఇద్దరూ ఒకేసారి మంత్రులు చేసుకుంటారు, డ్రా. అందుకని నలుపు తెలివిగా రాజుని బి6కి తెస్తుంది. మన బంటుని తినేయాలని. అప్పుడు మన రాజు ఈ5. ఈ గడిని బాగా చూడండి. ఇక్కడి నుంచి రాజు డి6కి పోయి బంటుని కాపాడగలడు, ఎఫ్4కి పోయి నల్లబంటుని వెంటాడగలడు. నలుపు ఒక్కదాన్నే ఆపగలదు. సి6 బంటుని తింటే, రాజు ఎఫ్4, జి3, హెచ్2కి వచ్చి ఆ బంటుని పట్టేస్తాడు. హెచ్3కి తోస్తే, రాజు డి6, బంటు సి7, ఇద్దరికీ మంత్రులు.

దీన్ని సాల్వ్ చేసేటప్పుడు పిల్లలు చేసే పని ఏంటంటే, రాజుతో బంటుని తరమడం ఒకసారి లెక్కపెడతారు, అందదు. బంటుని కాపాడటం ఇంకోసారి లెక్కపెడతారు, అదీ అందదు. రెండూ విడివిడిగా లెక్కపెట్టి వదిలేస్తారు. 'మధ్యలో నలుపు ఏం ఆడుతుంది?' అని ప్రతి అడుగులో అడిగితేనే, నలుపు కూడా ఒక ఎత్తు వృథా చేయక తప్పని చోటు కనపడుతుంది. బి6కి రాజు వచ్చిన ఎత్తు అదే.

చిన్నపిల్లలకి ఇవి కొంచెం ఎక్కువ కావచ్చు. వాళ్ల కోసం తేలికైనది. తెల్లరాజు ఈ5లో, తెల్లబంటు ఈ4లో, నల్లరాజు ఈ7లో. నలుపు ఆడాల్సి వస్తే తెలుపు గెలుస్తుంది. అదే స్థితిలో తెలుపు ఆడాల్సి వస్తే డ్రా. పావులు ఒక్కటీ మారలేదు, ఎవరి వంతు అనేది మారింది, ఫలితం మారిపోయింది. రాజులు ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు తప్పుకుంటారా అని చూడటమే అపోజిషన్. ఇప్పుడు తెల్లబంటుని ఈ4 నుంచి ఈ3కి వెనక్కి జరిపాను. ఇక తెలుపు వంతు అయినా గెలుపే. ఎలా? బంటుని ఈ4కి ఒక గడి తోసి, వంతుని అవతలివాడికి అప్పజెప్పేస్తుంది. చేతిలో ఒక ఎత్తు మిగుల్చుకోవడం అంటే ఇది. ఈ ఒక్క స్థితిని రెండు వైపుల నుంచీ ఆడి ఒంటపట్టించుకున్న పిల్లలకి తర్వాత వంద పజిల్స్ సులువవుతాయి. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

కొన్ని స్థితులు మాత్రం కంఠతా రావాలి, ఆలోచించి కనిపెట్టేవి కావు. బిషప్‌తో పాటు బోర్డు అంచున, ఏ లేదా హెచ్ నిలువు వరసలో బంటు ఉందనుకోండి. బంటు మంత్రి అయ్యే మూల గడి రంగూ బిషప్ రంగూ ఒకటి కాకపోతే, అవతలి రాజు ఆ మూలకి చేరగానే డ్రా. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో లూసెనా స్థితి, ఫిలిడోర్ స్థితి తెలియకుండా టోర్నమెంట్‌కి వెళ్లకూడదు. వీటి గురించి రేపటి క్లాసులో చెప్పుకుందాం. ఇవాళ వీటి పేరెత్తడానికి కారణం వేరే ఉంది. పజిల్ చూడగానే ముందు అడగాల్సింది 'ఏ ఎత్తు వేయాలి?' అని కాదు. 'ఇది ఏ స్థితిలో ముగియాలి?' అని. ఏ ఊరికో తెలియకుండా బస్సెక్కితే లాభం లేదు. డ్రా చేయమన్నారంటే డ్రా ఎలా రావచ్చు? స్టేల్‌మేటా, ఎడతెగని చెక్‌లా, గెలవడానికి పావులు చాలకపోవడమా, లోపలికి దారి లేని కోటా? ముందు ఆ గమ్యం పట్టుకుంటే వెనక్కి నడుచుకుంటూ రావచ్చు.

ఈ పజిల్స్ తయారుచేసిన మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. ఎండ్‌గేమ్ స్టడీ అనే కళకి ఆధునిక రూపమిచ్చిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు రష్యాకి చెందిన అలెక్సీ ట్రోయిట్స్కీ. ఆయన ఉద్యోగం అడవుల శాఖలో. రెండు గుర్రాలతో ఒంటరి రాజుకి బలవంతంగా ఆట కట్టలేమని అందరికీ తెలుసు. కానీ ఆ ఒంటరి రాజుకి ఒక బంటు ఉంటే, దాన్ని సరైన గడిలో ఆపగలిగితే, ఆట కట్టవచ్చని ఆయన పూర్తిగా విశ్లేషించి చూపించాడు. స్టేల్‌మేట్ కావలసిన క్షణంలో ఆ బంటుకి కదలక తప్పదు, ఆ కదలికే దాని కొంప ముంచుతుంది. ఏ యంత్రం సాయం లేకుండా ఆయన చేసిన ఆ పనిని చాలా దశాబ్దాల తర్వాత కంప్యూటర్లు సరిచూశాయి. ఆయన 1942లో, లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో చనిపోయాడు. లియొనిద్ కుబెల్ అనే మరో గొప్ప రచయిత కూడా అదే ఏడాది, అదే ముట్టడిలో పోయాడు. వాళ్ల స్టడీలు సాల్వ్ చేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఒక్కొక్క స్థితి వెనక ఒక మనిషి రాత్రుళ్లు కూర్చుని రెండు వైపులా ఆలోచించిన శ్రమ ఉంది.

అయితే ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరిచూసుకోవాల్సిందే. రెండు బిషప్‌లు ఒక గుర్రంతో తలపడితే, గుర్రం సరైన చోట నిలబడితే డ్రా అని నూరేళ్లకు పైగా అందరూ నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త కంప్యూటర్‌తో ప్రతి స్థితినీ లెక్కగట్టించాడు. చాలావరకు బిషప్‌ల వైపు వాళ్లే గెలుస్తారని తేలింది. గెలవడానికి అరవై ఆరు ఎత్తులు దాకా పట్టవచ్చు. అన్ని ఎత్తుల పాటు పైఎత్తులు వెతకడం మనిషి వల్ల కాలేదు, అంతే తేడా. ఇప్పుడు బోర్డు మీద ఏడు పావులు, అంతకంటే తక్కువ ఉన్న స్థితులన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంది. ఫోన్‌లో పావులు పెడితే గెలుపో, డ్రానో, ఎన్ని ఎత్తులో చెప్పేస్తుంది. ఏడు పావుల్లో ఒక స్థితికి ఆటకట్టు రావడానికి 549 ఎత్తులు పడుతుందని తేలింది.

తల్లిదండ్రులు ఇక్కడ శ్రద్ధగా వినాలి. పిల్లాడు పజిల్ ముందు పది నిమిషాలు కూర్చుని ఏమీ రాయకపోతే మీకు టెన్షన్ వస్తుంది. చెస్ ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఆన్ చేసి జవాబు చూపించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పది నిమిషాలే పాఠం. జవాబు తెలుసుకోవడం పాఠం కాదు. ప్రపంచ చెస్ సాల్వింగ్ చాంపియన్‌షిప్ అని ఒకటి ఉంది, 1977 నుంచి జరుగుతోంది. అందులో ఎండ్‌గేమ్ రౌండ్‌లో మూడే మూడు స్టడీలు ఇస్తారు, టైమ్ వంద నిమిషాలు. మూడిటికి వంద నిమిషాలు! ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ జాన్ నన్ ఆ చాంపియన్‌షిప్‌ని 2004, 2007, 2010లో గెలిచాడు. అంతటి వాళ్లకే ఒక్కోదానికి అరగంట పైన ఇస్తుంటే, మన పిల్లాడికి పది నిమిషాలు ఎక్కువెలా అవుతుంది?

ఇంట్లో ఎలా చేయాలో చెప్తాను. బోర్డు మీద స్థితి పెట్టండి, పావుల్ని మాత్రం ముట్టుకోవద్దు. చేతికి పని చెప్తే బుర్ర ఊరుకుంటుంది. నోట్‌బుక్‌లో మీ ఎత్తు రాయండి, దాని పక్కనే అవతలివాడి జవాబులు రాయండి. ఒక్కటి కాదు, తట్టినవన్నీ. వాటిలో మీకు ఇబ్బంది కలిగించేది ఏదో దాని కింద గీత గీయండి. ఆ గీత గీసినదానికి జవాబు దొరికేదాకా పజిల్ అయినట్టు కాదు. దొరకకపోతే మీ మొదటి ఎత్తే తప్పేమో చూడండి. అన్నీ రాసేశాకే, చివర్లో, యంత్రంతో సరిచూసుకోండి. ఇద్దరు పిల్లలుంటే ఇంకా మంచిది. ఒకరు తెలుపు తరఫున, ఒకరు నలుపు తరఫున మొండిగా వాదించుకోనివ్వండి.

ఇదంతా పుస్తకాల్లో పజిల్స్‌కే గానీ అసలు ఆటలో పనికొస్తుందా అని ఎవరైనా అడగవచ్చు. 2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట, స్కోరు సమానం. మన దేశపు గుకేశ్ నలుపు, అప్పటి ప్రపంచ చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ తెలుపు. ఇద్దరికీ ఒక ఏనుగు, ఒక బిషప్, కొన్ని బంట్లు. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా అవుతుందనే అందరూ అనుకున్నారు. గంటల తరబడి ఆడి అలసిపోయిన డింగ్, యాభై ఐదో ఎత్తులో ఏనుగుని ఎఫ్2లో పెట్టాడు. ఏనుగులు మార్చేసుకుంటే ఆట తేలికవుతుందని. చూడటానికి సహజమైన ఎత్తే. కానీ అతని బిషప్ ఏ8లో, మూలన ఉంది. ఏనుగులు మారాక గుకేశ్ తన బిషప్‌ని డి5కి తెచ్చాడు. మూలనున్న బిషప్‌కి తప్పించుకునే దారి లేదు, మార్చుకోక తప్పదు. అవి కూడా పోయాక మిగిలింది రాజులు, బంట్లు. ఆ ఎండ్‌గేమ్ నలుపుకి గెలుపు. యాభై ఎనిమిదో ఎత్తుతో ఆట ముగిసింది, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

డి5 అనే ఆ ఒక్క పైఎత్తు ఒక ప్రపంచ చాంపియన్‌కి ఆ క్షణంలో కనపడలేదు. దాన్ని ఇవాళ ఒక పజిల్‌గా పెడితే ఈ గదిలో సగం మంది సాల్వ్ చేస్తారు, ఎందుకంటే ఏదో ఉందని ముందే తెలుసు కాబట్టి. ఆటలో ఎవరూ చెప్పరు. ఎవరూ చెప్పకపోయినా వెతికే అలవాటు ఉండాలి, ఆ అలవాటు కోసమే ఈ సాధన. ఆ మ్యాచ్‌కి గుకేశ్‌తో పాటు పనిచేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటల హరికృష్ణ ఉన్నారు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు చాలా గర్వంగా ఉంది.

టైమ్ అయిపోతోంది. ఇంటికి ఒక పజిల్ ఇస్తున్నాను, రాసుకోండి. తెల్లరాజు జి1లో. తెల్లబంట్లు ఏ5, బి5, సి5లో. నల్లరాజు జి5లో. నల్లబంట్లు ఏ7, బి7, సి7లో. మూడు బంట్లకి ఎదురుగా మూడు బంట్లు. తెలుపు ఆడి గెలవాలి. మొదటి ఎత్తు చాలామందికి దొరుకుతుంది, దానితో ఆగొద్దు. నల్లబంటు ఇటు నుంచి కొడితే ఏంటి, అటు నుంచి కొడితే ఏంటి, అసలు కొట్టకుండా రాజుతో పరిగెత్తుకొస్తే ఏంటి, మూడూ విడివిడిగా రాసుకుని రండి. దాంతో పాటు ఇంకో ప్రశ్న. అదే స్థితిలో వంతు నలుపుదైతే, నలుపు ఏ ఎత్తుతో తనని తాను కాపాడుకోవాలి? రెండో ప్రశ్నకి జవాబు రాసిన నోట్‌బుక్కులే రేపు నేను ముందు చూస్తాను.